మణిమాల చేతుల మీద నీలం దీపం

1వ రోజు

దీపం వచ్చిందండీ! మా మణిమాలకి నీలం దీపం వచ్చింది! పదకొండేళ్ళు వరసలో ఎదురుచూశాక, ఈ పొద్దున ఆసుపత్రి పడవ నీళ్ళ మీద తేలే మా ఇంటి పంటు పక్కన ఆగింది. దయామణి నర్సు గారు చంకలో పెట్టె పెట్టుకుని దిగారు. నేను ఆవిడకి దణ్ణం పెట్టాను, పెట్టెకి దణ్ణం పెట్టాను, పడవ నడిపిన మనిషికి కూడా పెట్టాను. ఆయన కంగారుపడి తాడు వదిలేశాడు. పడవ పక్క పంటు దాకా కొట్టుకుపోయింది.

దీపంతో పాటు ఈ పుస్తకం ఇచ్చారు. రోజుకి ఒక పేజీ. దీపం ఎంతసేపు వెలిగింది, అంకె ఎంత, రోగి ఏం తిన్నది, చివర "ఇతర విషయాలు" అని రెండు వరుసలు. రెండు వరుసల్లో నా సంతోషం పడుతుందా? అందుకని పక్క పేజీలు కూడా వాడుతున్నాను.

రాసేది వాసంశెట్టి చిట్టబ్బాయి. వయసు అరవై ఎనిమిది. పడవ బడిలో ఆరో తరగతి చదివాను. పని పందిరి గుడ్డలకి రంగు వేసి కుట్టడం. ఉండేది నూటపన్నెండో పంటు మీద. ఇంట్లో నేను, నా భార్య భూలక్ష్మి, మా ఒక్కగానొక్క కూతురు మణిమాల. భూలక్ష్మి మా అక్క కూతురే. ఇప్పటికీ నన్ను మావయ్యా అనే పిలుస్తుంది. కాబట్టి పక్క వరసలో ఉండే మా పాపాయమ్మక్క నాకు అక్కా, అత్తగారూ కూడా. ఎనభై నాలుగేళ్ళు. రెండు హోదాల్లోనూ తిడుతుంది.

మణిమాలకి ముప్పైనాలుగు. పుట్టిన తొమ్మిదో నెల నుంచి ఒంట్లో నెత్తురు నిలవదు. మూడు వారాలకొకసారి నెత్తురు పడవ వచ్చి, ఒక సీసా ఎక్కించి పోతుంది. అది ఆలస్యమైతే నాలుగో వారానికి గోడ పట్టుకుని నడుస్తుంది. నీళ్ళలో మునిగిన మెరకలు పడవలకి తగలకుండా వాటి మీద దీపాలు చూసుకునే లైటు ఓడలో పనంటే దానికి ప్రాణం. పరీక్ష రెండుసార్లు నెగ్గింది. ఓడ ఎక్కితే రెండు నెలలు తిరిగి రాదు. మూడు వారాలకోసారి నెత్తురు కావాల్సిన పిల్లని ఎవరు ఎక్కించుకుంటారు? రెండుసార్లూ కాగితం వెనక్కి వచ్చింది. పంటుల మధ్య తాళ్ళకి ముళ్ళు వేస్తూ ఇక్కడే ఉండిపోయింది.

దయామణి గారు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. నెత్తురు తయారు చేసే కణాల్లో మా అమ్మాయికి రాత తప్పు పడింది. ఆ కణాలు కొన్ని బయటికి తీసి, ఒక్కొక్క దాంట్లో తప్పు దిద్దే పనివాడిని కూర్చోబెట్టి, పోయిన వారం రెండు ముంజేతుల చర్మం అడుగున పల్చటి పొరలా నాటారు. ఆ పనివాడు చీకట్లో నిద్రపోతాడు. నీలం వెలుతురు తగిలితే లేచి దిద్దుతాడు. ఎర్ర వెలుతురు తగిలితే ఆపేస్తాడు. నా దగ్గర కుట్టుపనికి వచ్చేవాళ్ళకి కూడా ఇలాంటి దీపం ఉంటే బాగుండునన్నాను. ఆవిడ నవ్వలేదు.

రోజూ స్నానం అయ్యాక నలభై నిమిషాలు నీలం, అయిదు నిమిషాలు ఎరుపు. చేతులు శుభ్రంగా ఉండాలి. నూనె, క్రీము, పౌడరు రాయకూడదు. పొద్దున్నే వేలి నుంచి చుక్క తీసి చిన్న డబ్బాలో వేస్తే అంకె చూపిస్తుంది. నూటికి ఎన్ని కణాలు బాగుపడ్డాయో అదే ఆ అంకె. నలభయ్యో రోజు అయ్యేసరికి ముప్పై దాటాలి. అప్పుడు బాగుపడినవన్నీ ఎముకల్లోకి వెళ్ళి స్థిరపడతాయి. దాటకపోతే ఆ పొర ఎండిపోతుంది. మళ్ళీ నాటడానికి, ఇన్నేళ్ళు నెత్తురు ఎక్కించి దెబ్బతిన్న మా అమ్మాయి కాలేయం ఓర్చుకోదట.

"ఒక్కసారే అవకాశం బాబాయ్ గారూ," అన్నారు దయామణి గారు.

"ఒక్కసారి చాలండీ, ఆయ్!" అన్నాను.

ఇవాళ ఆవిడే దగ్గరుండి వెలిగించారు. మణిమాల చేతులు రెండూ నీలంగా, సముద్రం అడుగున ఉన్నట్టు కనిపించాయి. అంకె: సున్నా. సున్నా అయినా ఎంత ముద్దుగా ఉందో.

2వ రోజు

అంకె: ఒకటి! ఒక్క రోజుకే! పంటు చివర నిలబడి శంఖం ఊదాను. తుఫానొచ్చిందనుకుని నాలుగు వరుసల వాళ్ళు తాళ్ళు బిగించుకున్నారు. తర్వాత సంగతి తెలిసి తిట్టడానికి వచ్చి, టీ తాగి వెళ్ళారు.

మా అక్క ఆరింటికే దిగింది. చేతిలో పసుపు కొమ్ములు, నెత్తి మీద సానరాయి. దాన్ని మోసుకుంటూ మూడు పంటులు దాటి వచ్చింది.

"ఒరే అబ్బాయ్, పిల్లకి ఇంత శుభం జరుగుతుంటే ఒట్టి చేతులతో కూర్చోబెడతావేంట్రా? పెళ్ళికూతుర్ని చేసినట్టు చెయ్యాల. చేతులకి పసుపు రాయాల."

మణిమాల నియమాల కాగితం తెచ్చింది. "అమ్మమ్మా, ఏమీ రాయకూడదని ఉంది."

"ఏదీ, చదువు."

"నూనె, క్రీము, పౌడరు."

"పసుపు ఉందా అందులో?"

"లేదు గానీ, పసుపు కూడా పొడే కదా?"

"పొడేంటే? నీళ్ళు పోసి అరగదీసి ముద్ద చేశాను. ముద్ద రాయొద్దని ఉందా?"

లేదు. నేను కూడా కళ్ళజోడు పెట్టుకుని చూశాను, ఎక్కడా లేదు. సరే అన్నాను. నాకూ బాగానే అనిపించింది. పసుపు రాసిన చేతులు ఎంత కళగా ఉంటాయి! పది నిమిషాలు ఉంచి నీళ్ళతో కడిగేసింది. అంతా శుభ్రం. బంగారం పూత పూసినట్టు చేతులు మెరుస్తున్నాయి. అప్పుడే దీపం వెలిగించాం. నలభై, అయిదు. తిన్నది: పులుసు, నాలుగు ముద్దలు.

6వ రోజు

అంకె: ఒకటి. నిన్నా ఒకటే. మొన్నా ఒకటే. పనివాడు ఇంకా కుదురుకోలేదేమో. కొత్త చోటు కదా.

అక్క రోజూ వచ్చి పసుపు రాస్తోంది. భూలక్ష్మి ఎదురెళ్ళి సానరాయి దింపుతోంది. నేను అరగదీస్తున్నాను. చేతి నొప్పి కూడా తెలియడం లేదు. తిన్నది: చేప వేపుడు, పెరుగు.

9వ రోజు

అంకె: రెండు. శంఖం ఊదబోతే భూలక్ష్మి లాక్కుంది.

"ఈ పాటికి ఏడు రావాలంట మావయ్యా. కాగితం మీద ఉంది. రెండుకి ఊదుతావేంటి?"

"రెండు కూడా లేకపోతే?"

"నీతో మాట్లాడినా ఒకటే, ఆ దీపంతో మాట్లాడినా ఒకటే."

10వ రోజు

దయామణి గారు తెల్లారేసరికే వచ్చేశారు, మణిమాల స్నానం కూడా కాలేదు. స్పిరిట్ దూదితో చేతులు తుడిచి, ఆవిడే వెలిగించారు. వెలుతురు కొలిచే పెట్టె పట్టుకుని చూసి దీపంలో లోపమేమీ లేదన్నారు. పుస్తకంలో గడులన్నీ చూశారు. "ఇతర విషయాలు" పక్కన ఎర్ర సిరాతో రాశారు:

"బాబాయ్ గారూ, ఈ గడి రెండు వరుసలే. మీరు పదకొండు పేజీలు రాశారు. నాకు రోజుకి పద్నాలుగు ఇళ్ళు ఉన్నాయి. అవసరమైనదే రాయండి. దయామణి."

అలాగేనండీ.

11వ రోజు

అంకె: మూడు! దయామణి గారి చెయ్యి మంచిది. అక్క పసుపు రాసింది. (ఇంతే. రెండు వరుసలు.)

14వ రోజు

అంకె: మూడు. రెండు వరుసలు నా వల్ల కాదు, క్షమించండి.

ఇంట్లో అందరికీ అనుమానాలు మొదలయ్యాయి. భూలక్ష్మికి పక్క పంటు సూరిబాబు మీద అనుమానం. అతను చేపలు పట్టడానికి ఆకుపచ్చ దీపం వేలాడదీస్తాడు. దాని వెలుతురు మన నీలాన్ని పాడు చేస్తోందని పోట్లాడింది.

"అక్కా, అది నీళ్ళలోకి వేలాడేసిన దీపం. మీ ఇంటికి ఎలా వస్తుందండీ?" అన్నాడు సూరిబాబు.

"నీ దీపం చూసి మా పనివాడు నిద్ర లేవట్లేదు."

"ఏ పనివాడండీ?"

సూరిబాబు మంచివాడు, దీపం తీసేశాడు. నేను మూడు పొరల నల్లగుడ్డతో మణిమాల గది చుట్టూ తెర కుట్టాను. లోపల కూర్చుంటే మన చెయ్యి మనకి కనపడదు. దీపం వెలిగిస్తే చాలా బాగుంది. అంకె మాత్రం కదలలేదు.

మణిమాల తెర అవతలి నుంచి, "నాన్నా, కుట్టు బాగా కుదిరింది," అంది.

17వ రోజు

అంకె: అయిదు! రెండు రోజుల్లో రెండు పెరిగింది! నా తెర పని చేసింది! అక్కకి జ్వరం వచ్చి నిన్నా మొన్నా రాలేదు, ఈ సంతోషం చూడలేకపోయిందే అని బాధపడ్డాను. ఇవాళ తగ్గింది. సానరాయితో సహా వచ్చేసింది. మిగిలిపోయిన రెండు రోజులది కూడా కలిపి దట్టంగా రాసింది.

20వ రోజు

అంకె: అయిదు. దయామణి గారు పొద్దున్నే వచ్చారు. దీపం మార్చి కొత్తది ఇచ్చారు. తుడిచి, వెలిగించి, కొలిచి, పెదవి కొరుక్కుంటూ కూర్చున్నారు.

"ఏదో అడ్డుపడుతోంది బాబాయ్ గారూ. నేను వచ్చి వెళ్ళిన మర్నాడు పెరుగుతుంది, తర్వాత పెరగదు."

"మీరంటే దీపానికి భయమండీ."

"దీపానికి భయమేంటండీ!"

వెళ్ళేముందు నన్ను పంటు చివరికి పిలిచారు. పెద్ద డాక్టరమ్మ గారు ఇరవై ఆరో రోజు దాకా చూస్తారట. అప్పటికీ ఇలాగే ఉంటే ఎర్ర దీపం వేసి ఆపేస్తారు. ఊరికే ఉంచితే పొర పాడై చేతులకి చీము పడుతుందట.

ఈ మాట ఇంట్లో చెప్పలేదు. పుస్తకంలో రాస్తున్నాను. పుస్తకం ఎవరికీ చెప్పదు కదా.

22వ రోజు

నెత్తురు పడవ వచ్చింది. మణిమాల ఎప్పటిలాగే చెయ్యి చాపింది. సీసా దిగుతున్నంతసేపూ నీళ్ళ కేసి చూస్తూ ఉంది. దూరంగా లైటు ఓడ పోతోంది. దాని పొగమంచు హారన్ రెండుసార్లు మోగింది.

"ఆ రెండో హారన్ ఆలస్యంగా కొట్టారు నాన్నా. నేనైతే అలా కొట్టను."

నేను లోపలికి వెళ్ళి పందిరి గుడ్డ కుట్టుకున్నాను. సూది మూడుసార్లు వేలికి దిగింది. అంకె: ఆరు. తిన్నది: ఏమీ లేదు.

24వ రోజు

ఇవాళ జరిగింది రాయడానికి ఎన్ని వరుసలు పడితే అన్ని రాస్తాను. దయామణి గారు కూడా ఈసారి అభ్యంతరం చెప్పలేదు.

ఆవిడ చెప్పాపెట్టకుండా పదింటికి వచ్చారు. మేం దీపం ఆర్పి అరగంట అయింది, అక్క ఇంకా ఇంటికి వెళ్ళలేదు. అంకె ఏడు. "ఇవాళ మిగతా ఇళ్ళు వేరేవాళ్ళకి అప్పజెప్పాను. మీరు ఏం చేస్తున్నారో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చూస్తాను," అని చాప మీద కూర్చున్నారు.

"ఏం చేస్తామండీ, అన్నీ పుస్తకంలో రాశాను కదా," అన్నాను.

"గడుల్లో నలభై, అయిదు అని తప్ప ఏముందండీ?"

"గడుల్లో కాదమ్మా. పక్క పేజీల్లో."

ఆవిడ పెద్ద ఊపిరి పీల్చుకుని పుస్తకం తీసుకున్నారు. మొదటి పేజీ నుంచి. శంఖం దగ్గర నవ్వారు. భూలక్ష్మి టీ ఇచ్చింది. రెండో రోజు దగ్గర టీ తాగడం ఆపారు. గబగబా పేజీలు తిప్పారు. పదో రోజు. పదిహేడో రోజు. మళ్ళీ రెండో రోజుకి వచ్చారు.

"బాబాయ్ గారూ. ఇవాళ పసుపు రాశారా?"

"రాయకుండా ఎలా ఉంటామండీ! రోజూ రాస్తున్నాం."

"రాసి?"

"కడిగేస్తాం. శుభ్రంగా. మీ కాగితం ప్రకారమే."

"మణీ, చేతులు చూపించమ్మా."

మణిమాల చూపించింది. బంగారం లాంటి చేతులు.

దయామణి గారు ఊరగాయ సీసా మీది గాజు మూత అడిగారు. సానరాయి మీద మిగిలిన పసుపు దాని మీద పూసి, నీళ్ళతో కడిగేశారు, మేం కడిగినట్టే. పల్చటి పచ్చరంగు మిగిలింది. దీపం వెలిగించి కింద కొలత పెట్టె పెట్టారు. తొంభై ఎనిమిది. మధ్యలో ఆ మూత పెట్టారు. పద్దెనిమిది. తీశారు, తొంభై ఎనిమిది. పెట్టారు, పద్దెనిమిది.

"పసుపు నీలం వెలుతురుని తాగేస్తుందండీ. లోపలికి వెళ్ళనివ్వదు. నేను వచ్చిన రోజు స్పిరిట్ దూదితో తుడుస్తాను కాబట్టి ఆ రంగు పోయేది. దూది పచ్చబడితే వంటింటి పసుపనుకున్నాను. మామ్మగారికి జ్వరం వచ్చిన రెండు రోజులూ అంకె పెరిగింది. అదీ సంగతి."

నేను నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకున్నాను. నలభై ఏళ్ళుగా గుడ్డలకి రంగులు వేస్తున్నానండీ! ఎండలో ముందు వెలిసేది పసుపు గుడ్డే. ఎండని అదే తాగుతుంది, తాగి అదే వెలిసిపోతుంది. ఈ సంగతి వచ్చేపోయే ప్రతి బేరగాడికీ చెబుతాను, "పసుపు రంగు వద్దండీ, వెలుతురుకి ఆగదు," అని. ఇంట్లో కూతురి చేతి దగ్గరికి వచ్చేసరికి నాకే తట్టలేదు. పైగా రోజూ అరగదీసింది నేనే.

భూలక్ష్మి వాళ్ళమ్మ మీదికి లేచింది. "అమ్మా, పిల్ల వద్దంటే విన్నావా? ముద్ద అన్నావు, పొడి కాదన్నావు!"

అక్క ఎప్పుడూ ఎదురు తిట్టే మనిషి. ఇవాళ తిట్టలేదు. చాప అంచు లాగుతూ కూర్చుంది.

"ఆ పెళ్ళి చేసింది నేనేగా," అంది. "నా కూతుర్ని నా తమ్ముడికే ఇవ్వాలని పట్టుబట్టింది నేనేగా. పిల్ల పుట్టాక డాక్టరమ్మ చెప్పింది, అమ్మలో సగం తప్పు, అయ్యలో సగం తప్పు, రెండూ కలిసి పిల్లకి పూర్తిగా వచ్చిందని. ముప్పైనాలుగేళ్ళ నుంచి ఆ మాటే వినపడుతుంది నాకు. ఏదో మంచి చేద్దామని రాశాను. అదీ ఇలా అయింది."

ఇంత కాలం అక్క మనసులో ఇది ఉందని నాకు తెలియదు. అన్నీ రాసేవాడిని, ఇది మాత్రం ఎప్పుడూ చూడలేదు.

మణిమాల లేచి వెళ్ళి ఆవిడ ఒళ్ళో రెండు చేతులూ పెట్టింది.

"అమ్మమ్మా, రాసింది నువ్వేగా. నువ్వే తుడిచెయ్యి."

దయామణి గారు స్పిరిట్ దూది ఇచ్చారు. అక్క తుడిచింది. దూది పచ్చగా అయ్యేది, కొత్త దూది తీసుకునేది. ఎనిమిది ఉండలు. మధ్యలో స్పిరిట్ వాసనకి తల తిరిగి, "దీన్ని మీరు రోజూ ఎలా పీలుస్తారమ్మా?" అని అడిగింది. దయామణి గారు మొదటిసారి గట్టిగా నవ్వారు.

తర్వాత రేడియోలో పెద్ద డాక్టరమ్మ గారితో చాలాసేపు వాదించారు. "మందు తప్పు కాదండీ, పొర బాగానే ఉంది, వెలుతురే అందలేదు," అని మూడుసార్లు చెప్పారు. ఆవిడ ఒప్పుకున్నారు. నలభై దాకా ఉంచొచ్చు. రోజుకి రెండు పూటలా వెలిగించాలి. కొత్త నియమం నా చేత ఈ పుస్తకంలో రాయించారు: పసుపు, కుంకుమ, గంధం, సున్నిపిండి, విభూది, వేపాకు, ఇంట్లో ఉన్నది ఏదైనా సరే, రాయకూడదు.

"కాటుక?" అంది అక్క.

"మామ్మగారూ!"

"అడిగానంతే."

27వ రోజు

అంకె: ఏడు. మూడు రోజులైంది, కదలడం లేదు. రెండు పూటలా వెలిగిస్తున్నాం. చేతులు తెల్లగా, ఏమీ లేకుండా ఉన్నాయి. అక్క రోజూ వచ్చి దూరంగా కూర్చుంటుంది. తన చేతులు కొంగులో చుట్టుకుంటుంది, ఎక్కడ తగులుతాయోనని.

28వ రోజు

పది! ఒక్కసారి మూడు పెరిగింది! రెండు పూటల వెలుతురుకి పొర అలవాటు పడటానికి రెండు మూడు రోజులు పడుతుందట. ముందే చెప్పొచ్చు కదండీ దయామణి గారూ. మూడు రోజులు మేం నలుగురం గడ్డి తిన్నట్టు తిన్నాం. తిన్నది: ఇవాళ అందరం రెండేసి సార్లు.

33వ రోజు

పద్దెనిమిది. సూరిబాబు రోజూ తన పంటు మీద నుంచి "ఎంతా?" అని అరుస్తాడు. నేను చేతి వేళ్ళు చూపిస్తాను. పది దాటాక వేళ్ళు చాలక కాళ్ళు కూడా ఎత్తుతున్నాను. ఇవాళ నీళ్ళలో పడ్డాను. ఏమీ కాలేదు.

37వ రోజు

మబ్బు పట్టింది. కరెంటు ఇచ్చే ఎండరేకులకి ఛార్జీ రాలేదు. దీపం గుడ్డిగా వెలిగింది. అంకె ఇరవై అయిదు. భూలక్ష్మి ఇంట్లో ఫ్యాను, పొయ్యి, మంచినీళ్ళ యంత్రం అన్నీ ఆపేసి ఆ కరెంటంతా దీపానికి పెట్టింది. చల్ది అన్నం తిన్నాం. రేపటికి కూడా మబ్బే ఉంటే ఎలాగని గంటకోసారి పంటు చివరికి వెళ్ళి ఆకాశం చూస్తున్నాను.

సాయంత్రం పూట సూరిబాబు తన బ్యాటరీ మోసుకొచ్చాడు. చేపల దీపం బ్యాటరీ.

భూలక్ష్మి తల దించుకుని, "ఆవేళ ఊరికే అరిచాను బాబూ," అంది.

"అరిచారా అక్కా? నాకు వినపడలేదండీ. మీరు మామూలుగా మాట్లాడారనుకున్నాను."

40వ రోజు

నిన్న ఇరవై తొమ్మిది. ఇవాళ ఆఖరి అంకె.

మణిమాల వేలి నుంచి చుక్క తీసి డబ్బాలో వేశారు దయామణి గారు. అది గిరగిర తిరిగి, కీచుమని ఆగింది. ఎవరూ చూడలేదు. దయామణి గారు కూడా చూడలేదు! "నాకు ధైర్యం చాలడం లేదు బాబాయ్ గారూ, మీరు చూడండి," అన్నారు. నేను భూలక్ష్మి కేసి చూశాను. భూలక్ష్మి కళ్ళు మూసుకుంది. మణిమాల, "నేను చూడను," అని పందిరి కేసి చూస్తోంది.

"ఇలా తే," అంది అక్క.

మా అక్క నీళ్ళొచ్చి ఊళ్ళు మునిగిన ఏడు పుట్టింది. అప్పటికి పడవ బడి కూడా లేదు. అంకెలు రావు. డబ్బా తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"రెండు బొమ్మలున్నాయి."

"ఎలా ఉన్నాయక్కా?"

"పక్కనున్నది కర్రలా ఉంది. నిటారుగా."

ఒకటి. కర్రంటే అదే. ముందున్నది రెండు అయితే ఇరవై ఒకటి. కానీ నిన్ననే ఇరవై తొమ్మిది కదా. తగ్గిందా?

"ముందున్నది చెప్పు. కింద గీత సాపుగా ఉందా?"

"లేదురా. కొక్కెంలా తిరిగి ఉంది. పైనొక కొక్కెం, కిందొక కొక్కెం. చేపలకి గాలాలేస్తారే, అలాంటివి రెండు, ఒకదాని మీద ఒకటి. రెండూ ఎడమ చేతి వైపుకి నోరు తెరిచాయి."

నేల మీద వేలితో మూడు రాశాను. "ఇదేనా?"

అక్క వంగి చూసింది. డబ్బా చూసింది. నేల చూసింది. "నీ రాత వంకరగా ఉంది గానీ, ఇదే."

ముప్పై ఒకటి!

తర్వాత ఏం జరిగిందో వరసగా గుర్తులేదు. భూలక్ష్మి నన్ను కౌగిలించుకుంది, అదీ నర్సు గారి ముందు. సూరిబాబు అవతలి నుంచి "ఎంతా?" అని అరిచి, జవాబు కోసం ఆగకుండా నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ వచ్చేశాడు. దయామణి గారు ముక్కు తుడుచుకుని, ఆఖరి ఎర్ర దీపం వేశారు. అయిదు నిమిషాలు. పనివాళ్ళందరికీ సెలవు.

మణిమాల ఒక్కతే నెమ్మదిగా ఉంది. చేతులు తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"నాన్నా, లైటు ఓడ పరీక్ష మళ్ళీ ఎప్పుడు?"

"వచ్చే నెలమ్మా."

"రెండు నెలలు కనపడను మరి."

"కనపడకు తల్లీ," అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

64వ రోజు

దీపం వెనక్కి ఇచ్చి చాలా రోజులైంది. ఈ పుస్తకం కూడా ఇవ్వాలి గానీ, ఒక్క పేజీ కోసం ఉంచుకున్నాను.

నలభై మూడో రోజున నెత్తురు పడవ వచ్చింది. కొత్త కణాలు ఇంకా ఎముకల్లో కుదురుకుంటున్నాయి, ఈ ఒక్కసారికి ఎక్కించుకోమన్నారు దయామణి గారు. ఎక్కించుకుంది. ఇవాళ మళ్ళీ పడవ వచ్చింది. దయామణి గారు అందులోనే వచ్చి చుక్క తీసి చూశారు. మణిమాల నెత్తురు నిండుగా ఉంది. సొంత నెత్తురు. గోడ పట్టుకోలేదు, కుర్చీ పట్టుకోలేదు.

పడవ మనిషి అలవాటుగా సీసా అందించాడు. పేరు రాసిన చీటీతో సహా. మణిమాల దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కాసేపు చూసి, తిరిగి అతని చేతికే ఇచ్చింది.

"ఇవాళ వద్దండీ. ఎవరికి తక్కువైతే వాళ్ళకి ఇవ్వండి."

అతను ఇరవై ఏళ్ళ నుంచి మా పంటుకి వస్తున్నాడు. ఏం చెయ్యాలో తెలియక సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత చీటీ మీద మా అమ్మాయి పేరు కొట్టేశాడు. పడవ వెళ్ళిపోయింది, సీసాతో సహా.

పాపాయమ్మక్క నన్ను కూర్చోబెట్టి, చెప్పాల్సిన వాళ్ళ పేర్లు రాయించింది. ఎవరినీ మర్చిపోకూడదంది:

భూలక్ష్మి తమ్ముడు వీరభద్రం, రెండొందల ఆరో పంటు. వాడికి చెవుడు, దగ్గరికెళ్ళి చెప్పాలి.

మా చిన్నాన్న కొడుకు గంగరాజు, గట్టు మీద ఉంటాడు. నా మీద అలిగి పదహారేళ్ళైంది. ఇది విన్నాక అలక మానకపోతే వాడి ఇష్టం.

సత్తెమ్మ పిన్ని. ముందు ఈవిడకే చెప్పాలి, లేకపోతే మిగతావాళ్ళ ముందు మనల్ని నిలబెట్టి కడుగుతుంది.

గంగరాజు భార్య సీతారత్నం. గంగరాజుతో కలిపి చెప్పకూడదు, విడిగా చెప్పాలి. ఆవిడ అలగలేదు.

మా మేనత్త మనవరాలు నాగవేణి. పెళ్ళి సంబంధం కుదిరింది. అబ్బాయిది కూడా మా ఇంటి వరసే, మేనరికం. ఇద్దరూ ముందుగా వెళ్ళి నెత్తురు పరీక్ష చేయించుకోవాలని అక్క తన నోటితోనే చెబుతానంది.

సూరిబాబు. చుట్టం కాదు, కానీ రాయమంది భూలక్ష్మి.

దయామణి గారి అమ్మగారు. కూతురు ఎలాంటి పని చేసిందో ఆవిడకి తెలియాలి.

ఇక్కడితో అయిందనుకుని కలం మూశాను. మణిమాల పెట్టె తెరిచి ఒక దారం తెచ్చింది. దానికి గుచ్చి చీటీలు. తొమ్మిదో నెల నుంచి ఎక్కించిన ప్రతి సీసా మీది చీటీ వాళ్ళమ్మ దాచిందట, నాక్కూడా తెలియదు. చీటీల మీద నెత్తురు ఇచ్చినవాళ్ళ పేర్లు లేవు, వాళ్ళ అంకెలే ఉన్నాయి. మొత్తం అయిదొందల డెబ్బై తొమ్మిది చీటీలు.

"వీళ్ళకి కూడా చెప్పాలి నాన్నా," అంది. "వీళ్ళ నెత్తురే నాలో తిరిగింది. వీళ్ళకన్నా దగ్గర చుట్టాలెవరు?"

అందుకని, దయామణి గారూ, ఈ పుస్తకం మీకు చేరాక, గడులు దాటి రాశానని కోప్పడకుండా, దయచేసి వాళ్ళెవరో కనుక్కుని చెప్పండి. కింద అంకెలన్నీ వరసగా రాస్తున్నాను. మొదటిది: 0417. రెండోది: 2260. మూడోది: 0093.